గురువారం ఆరంకెలు

కాజాలక్క అంకెల జూదం ఆడుతోందట. ఈ మాట కింది వాటాలో ఉండే రిటైరైన లెక్కల టీచరమ్మ రెండో అంతస్తు ఆవిడతో అన్నదట. ఆవిడ ఇస్త్రీ చేసే ఆమెతో అంటే, ఇస్త్రీ ఆమె ఆ మాటను మడత నలగకుండా నాలుగిళ్ళకూ పంచింది.

ప్రతి గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగయ్యేసరికి మూడో అంతస్తు నుంచి దిగి మెట్ల మలుపులో కూర్చుంటుందట. ఫోన్ చెవిన పెట్టుకుంటుందట. "ఏడు, సున్నా, మూడు, మూడు..." అని పైకే అప్పజెబుతూ బట్టల మీద గీతలు గీసే పెన్నుతో అరచేతిలో రాసుకుంటుందట. అవతలిది మగగొంతట. కాసేపు ఆగి మళ్ళీ ఫోనట, మళ్ళీ అంకెలట. "పెళ్ళీ పెటాకులూ లేకుండా యాభయ్యారేళ్ళు పరువుగా బతికిన మనిషి, ఇప్పుడిదేం పోయేకాలం!" అని టీచరమ్మ బుగ్గలు నొక్కుకుందట. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన చెవులు కదా, అంకె వినబడితే చాలు నిక్కబొడుచుకుంటాయి.

టీచరమ్మ విన్నవన్నీ నిజమే. తేల్చుకున్నది మాత్రం తప్పు. ఆ మగగొంతు కాజాలక్క తమ్ముడిది. ఆ అంకెలు ఆసుపత్రివి.

కాజాలంటే చొక్కాకి బొత్తం దూరే కన్నాలు. పెద్ద బజారులోని కుట్టుషాపులో ఆవిడ పని అదే. కాజాలు తీసే మెషిన్లు వచ్చి చాలాకాలమైంది గానీ, ఖరీదైన కోట్లకి ఇంకా చేత్తోనే తీయిస్తారు. కత్తెర మొనతో చీలిక పెట్టి, దాని అంచు చుట్టూ పోగు పక్కన పోగు సర్ది కుడితే, వందసార్లు బొత్తం పెట్టి తీసినా ఆ కన్నం సాగకూడదు. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ కుట్టిన కన్నం ఒక్కటీ సాగలేదు. సాగినవి ఆవిడ మూత్రపిండాలు.

రెండేళ్ళ కిందట షాపులోనే కళ్ళు తిరిగి పడిపోతే బయటపడింది. మూడో వంతే పనిచేస్తున్నాయన్నారు. నయమయ్యే జబ్బు కాదు, అలాగని రేపే తీసుకుపోయే జబ్బూ కాదు. ఇంట్లో అద్దెకి దిగి కదలనని కూర్చున్న మనిషిలాంటిది. పొమ్మంటే పోదు. దాని తిక్క తెలుసుకుని మసలుకోవాలి. అందుకని వారం వారం రక్తం ఇవ్వాలి. షాపుకి సెలవు గురువారం కాబట్టి ఆ పొద్దున ఇస్తుంది. మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది. అది చూసి డాక్టరు ఏ మాత్ర ఉంచాలో, ఏది సగం చెయ్యాలో, ఏది ఆపాలో రాస్తాడు. ఆ రాసేది కాగితం మీద కాదు. ఆసుపత్రి పోర్టల్‌లో.

పోర్టల్ అంటే ఫోన్లో తెరుచుకునే ఆసుపత్రి తలుపు. లోపల ఆవిడ పేరు మీద ఒక గది. ఆ గదిలో ఆవిడ రక్తంలోని ప్రతి ఉప్పుకీ ఒక వరస, వరస చివర ఎక్కువైతే పైకి ఎర్ర బాణం, తక్కువైతే కిందికి నీలం బాణం. గది తాళం తియ్యడానికి ప్రతిసారీ ఆరంకెల ఓటీపీ కావాలి. పావుగంట ముట్టుకోకపోతే తలుపు దానంతటదే మూసుకుంటుంది. మళ్ళీ తెరవాలంటే మళ్ళీ ఆరంకెలు.

ఆ ఆరంకెలు వచ్చేది ఆవిడ ఫోనుకి కాదు. అదీ కథ.

రెండేళ్ళ కిందట పడిపోయిన రోజున షాపు యజమానురాలు, అందరూ మేడమ్ అంటారు, కాజాలక్క సంచి వెతికితే దారపుండల డబ్బా మూత లోపల "తమ్ముడు" అని రాసిన నంబరు దొరికింది. ఆ నంబరుకి చేస్తే తమ్ముడు వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. కౌంటర్లో సంతకాలు పెట్టాడు. ఫోన్ నంబరు అడిగితే తనదే చెప్పాడు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి లేడు. "మీ తమ్ముడుగారు పొద్దుటిదాకా ఆ కుర్చీలోనే ఉన్నారమ్మా. మీకు మెలకువ వస్తోందని చెప్పగానే లేచి వెళ్ళిపోయారు" అంది నర్సు.

అప్పటికి అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేక తొమ్మిదేళ్ళు.

వాళ్ళమ్మ తమ్ముడి దగ్గరే ఉండేది. ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు "బానే ఉందక్కా" అనేవాడు. ఎనిమిది నెలలు బానే ఉంది. ఒకరోజు పోయింది. ఈవిడ చేరేసరికి అన్నీ అయిపోయి చాపలు దులిపి చుట్టేస్తున్నారు. అమ్మకి మూత్రపిండాలు పోయాయనీ, ఎనిమిది నెలలుగా ఆసుపత్రికి తిప్పుతున్నారనీ గుమ్మంలో ఎవరో చెబితే తెలిసింది. అంతే, ఆ గుమ్మంలోనే నిలబడి, వచ్చినవాళ్ళందరూ వింటుండగా, "చంపేశావు కదరా అమ్మని! నోరు మూసుకుని కూర్చుని చంపేశావు!" అంది. తమ్ముడు చేతిలోని చాపను గోడకి నిలబెట్టి లోపలికెళ్ళిపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తెలియని సామెతేం కాదు. కానీ తీసుకోవాలనిపించడానికి కూడా ఆవిడకి తొమ్మిదేళ్ళ పైనే పట్టింది. అదైనా ఒకరు చెబితే కాదు, పోర్టల్ చూపిస్తే.

పోర్టల్‌లో ఒక గీత ఉంటుంది. మూత్రపిండాలు నూటికి ఎంత పనిచేస్తున్నాయో వారం వారం చుక్క పెట్టి కలుపుతూ పోయిన గీత. ముప్పై ఆరు, ముప్పై అయిదు, మళ్ళీ ముప్పై అయిదు, ముప్పై మూడు. ఆవిడ ఉప్పు మానేసింది. టైముకి మాత్ర వేసింది. నీళ్ళు కొలిచి తాగింది. ఏం చేసినా ఆ గీత, నేలకి జారుతున్న రిబ్బన్‌లా, తన పని తాను చేసుకుపోతోంది. ఒక గురువారం దానివైపు చాలాసేపు చూశాక, ఈ జబ్బులో ఎవరూ ఎవర్నీ చంపరని ఆవిడకి అర్థమైంది. అమ్మ గీతా ఇలాగే దిగి ఉంటుంది. తమ్ముడు పక్కన కూర్చుని దాన్ని చూస్తూ ఉండి ఉంటాడు, ఒక్కడే.

ఆ మాట వాడితో చెప్పాలి. అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఇదొక్కటే ఆవిడకి మిగిలిన పని. మిగతా బతుకంతా కాజాలూ మాత్రలే.

అసలు అంతకుముందు, ఆ పోర్టల్ తెరవడానికి మొదటి ఫోన్ చెయ్యడానికే ఆవిడకి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా కౌంటరుకి వెళ్ళి కాగితం ఇమ్మని అడిగేది. ఒకరోజు కాగితాలు ఆపేశామన్నారు. ఇంటికొచ్చి పోర్టల్ తెరిస్తే, "చివర నలభై ఏడు ఉన్న నంబరుకు ఓటీపీ పంపించాం" అని కనబడింది. ఆ నలభై ఏడు ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. గదిలో సిగ్నల్ అందదు. మెట్ల మలుపులోకి వచ్చి చేసింది.

"హలో."

"నేనే. ఆసుపత్రి వాళ్ళు అంకెలు పంపారట నీకు."

అవతల బస్సు ఇంజను ఆగింది. "ఆఁ, వచ్చింది. ఏడు, సున్నా, మూడు, మూడు, ఒకటి, తొమ్మిది."

"ఏడు, సున్నా, మూడు, మూడు, ఒకటి, తొమ్మిది."

"ఆఁ."

పెట్టేశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మాటలంటే ఇవే. ఆవిడ అరచెయ్యి రెండు రోజులు గట్టిగా తోముకోలేదు.

నాలుగింటికి వాడి బస్సు డిపోలో అరగంట ఆగుతుందని రెండో వారానికి తెలిసింది. ఓటీపీ కొన్నిసార్లు వెంటనే వస్తుందనీ, కొన్నిసార్లు నిమిషం, రెండు నిమిషాలు తీసుకుంటుందనీ నాలుగో వారానికి తెలిసింది. అది రావడం ఆలస్యమైన రోజు ఆవిడ అదృష్టం బాగున్నట్టు.

"వచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఏంట్రా ఆ చప్పుడు?"

"కండక్టరు ఈల ఊదుతున్నాడు."

"బండి ఆగే ఉందిగా?"

"ఉంది. వాడికి అలవాటైపోయింది. ఇంట్లో అన్నం పెట్టడం లేటైనా ఊదుతాడట."

ఆవిడ నవ్వింది. అవతల కూడా ఏదో దగ్గులాంటిది వినబడింది. అంతలో పాడు ఓటీపీ వచ్చేసింది.

అలా ముక్కలు ముక్కలుగా పోగేసుకుంది. వాడికి నడుంనొప్పి పట్టుకుందని, సీటు మీద దిండు వేసుకుంటున్నాడని, కూతురు కొడుక్కి పళ్ళు వస్తున్నాయని. ఒక్కో గురువారానికి ఒక్కో పీలిక. కుట్టుపని చేసే మనిషి కదా, పీలికల్ని పారెయ్యదు. వారమంతా వాటినే అటూ ఇటూ తిప్పి జత కలుపుకునేది. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆవిడతో పేరు పెట్టి మాట్లాడే మనిషి షాపులో మేడమ్ ఒక్కతే. అది కూడా "కాజాలక్కా, బూడిదరంగు కోటు అయిందా?" అని.

ఆపైన ఆవిడ ఒక తెలివి చేసింది. తెలివో, తెలివితక్కువో. అంకెలు వచ్చాక పోర్టల్‌లో కొట్టకుండా ఊరికే కూర్చునేది. రెండు నిమిషాలాగి మళ్ళీ పంపమని నొక్కి, మళ్ళీ ఫోన్ చేసేది. "టైమైపోయిందిరా. మళ్ళీ పంపమన్నాను, చూడు." వాడు మారుమాట్లాడకుండా మళ్ళీ చెప్పేవాడు. కొన్నాళ్ళకి రెండుసార్లు, ఇంకొన్నాళ్ళకి మూడుసార్లు, నాలుగుసార్లు. ఒక్కోసారి ఫోన్ చెవికి పెట్టుకునే ముందు, ఇవాళ చెప్పెయ్యాలి, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందిరా అనెయ్యాలి, అని కూడబలుక్కునేది. "హలో" అన్న గొంతు వినగానే "వచ్చిందా?" అనేది.

ఒక గురువారం వాడు ఇంటి దగ్గరే ఉన్నాడు. వెనకనుంచి మరదలి గొంతు వినబడింది. "ఎవరూ?"

"ఎవరూ కాదు. ఆసుపత్రి వాళ్ళు" అన్నాడు తమ్ముడు. తర్వాత ఫోన్‌లోకి, "రెండు, రెండు, ఎనిమిది..." అని మొదలుపెట్టాడు.

ఆ రోజు ఒక్కసారే ఫోన్ చేసింది. మెట్ల మీద నుంచి లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆసుపత్రిలో పోర్టల్ పనులు చూసే డెస్క్ నర్సు ఒకామె ఉంది. చిన్నపిల్ల, నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా పట్టుకునేది. "అమ్మా, ఆ నంబరు మార్చేద్దాం. నిమిషం పని. ఊళ్ళో రోగులందరి ఓటీపీలు వాళ్ళ ఫోన్లకొస్తే, మీది బస్సెక్కి తిరిగొస్తోంది!"

"ఈ ఫోన్ మా షాపు మేడమ్ పేర్న ఉందమ్మా. ఎప్పుడు వెనక్కి తీసుకుంటుందో తెలీదు" అనేది ఆవిడ. ఫోనూ తనదే, పేరూ తనదే. ముఖం చూసి నర్సు నమ్మేది. ఇరవయ్యారేళ్ళు సూది గుచ్చుకున్నా చప్పుడు చెయ్యకుండా పనిచేసిన ముఖం అది, అబద్ధం దానిమీద ముడత కూడా వెయ్యదు.

రెండేళ్ళు ఇలా నడిచింది.

ఆ గురువారం నాలుగింటికి మెట్ల మలుపులో కూర్చుని పంపమని నొక్కి, ఫోన్ చేసింది. స్విచాఫ్. పది నిమిషాలాగి చేసింది. స్విచాఫ్. అయిదున్నర దాకా చేసింది. కింద టీచరమ్మ తలుపు ఓరగా తెరుచుకుని, ఇవాళ అంకెలు వినబడనందుకు నిరాశపడి మూసుకుంది.

ఛార్జింగ్ అయిపోయి ఉంటుందనుకుంది. గులాబీరంగు చిన్న మాత్ర ఎప్పటిలాగే వేసుకుంది. కొత్త మాట వచ్చేదాకా పాత మాటే చెల్లుతుందని ఆవిడ లెక్క.

శుక్రవారం పొద్దున షాపుకి వెళ్ళేముందు చేసింది. స్విచాఫ్. మధ్యాహ్నం చేసింది. స్విచాఫ్. అప్పుడు ఆవిడకి కిందటి గురువారం గుర్తొచ్చింది. నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు వాడు అంకెలు చెప్పేముందు ఒక నిట్టూర్పు విడిచాడు. అప్పుడు ఎండకి కాబోలనుకుంది. ఇప్పుడు ఆ నిట్టూర్పుకి వంద అర్థాలు దొరికాయి. విసిగిపోయాడు. ఎన్నాళ్ళని చెబుతాడు? కట్టేశాడు.

సాయంత్రం షాపు నుంచి నేరుగా ఆసుపత్రికే నడిచింది. ఇంటికీ షాపుకీ మధ్యలోనే, పది నిమిషాల దూరం. కాళ్ళు ఎందుకో నీళ్ళలో నడుస్తున్నట్టు బరువుగా ఉన్నాయి. గేటు దగ్గర నిలబడితే అద్దాల్లోంచి డెస్కూ, డెస్కు వెనక నర్సూ కనబడుతూనే ఉన్నారు. వెళ్ళి అడిగితే రిపోర్టు చదివి చెబుతుంది. చెప్పి ఊరుకోదు. "చూశారా, నే చెప్పలా?" అని నంబరు మార్చేస్తుంది. మార్చేస్తే, రేపు వాడు ఫోన్ తెరిచినా, ఇక వాడికి చెయ్యడానికి సాకేముంది?

ఇంకొక్క రోజు చూద్దాం అనుకుంది. ప్రాణం మీదికి వచ్చిందని ఆవిడకి తెలియదు. తెలిసి ఉంటే లోపలికి వెళ్ళేదేనా అంటే, అదీ గట్టిగా చెప్పలేం. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, గులాబీ మాత్ర వేసుకుని పడుకుంది.

శనివారం పదకొండింటికి షాపులో కత్తెర చేతిలోంచి జారింది. వంగి తీసుకుందామంటే వేళ్ళు ముడుచుకోలేదు. గుండె రెండు అంగలు వేసి ఒక అంగ మానేస్తోంది. "మేడమ్, ఈ కన్నం..." అంటూ బల్ల మీదికి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో ఏం చేశారో ఆవిడకి సగమే తెలుసు. రక్తంలో పొటాషియం ఎక్కువైందన్నారు. ఇంకో పూట ఆలస్యమైతే గుండె ఆగేదన్నారు. గులాబీ మాత్రే దాన్ని పెంచిందన్నారు. రెండు రోజులు వైర్ల మధ్య ఉంచి, సోమవారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళొచ్చన్నారు.

తీసుకెళ్ళడానికి తమ్ముడు వచ్చాడు. డ్యూటీ మధ్యలో రెండు గంటలు అడుక్కుని యూనిఫాంలోనే వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత చూడటం. ముందు జుట్టు వెనక్కి పోయింది, పొట్ట ముందుకొచ్చింది. ఛాతీ మీది బొత్తం నాలుగు కన్నాలదైతే రెండు కన్నాల్లోంచే కుట్టి ఉంది, అదీ నల్లదారంతో. ఇలా ఇవ్వరా, సరిచేసి ఇస్తాను, అనబోయింది.

"లావయ్యావు" అంది.

"కూర్చునే ఉద్యోగం కదా" అన్నాడు. ఆవిడ సంచి అందుకున్నాడు.

డెస్కు దగ్గర నర్సు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. "మీ ఇద్దరికీ ఓ దండం! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఇదిగో, మీరే చూడండి." తెర ఇటు తిప్పింది. "గురువారం రెండింటికి రిపోర్టు. రెండుంబావుకి డాక్టరుగారి మెసేజ్. గులాబీ మాత్ర ఆపెయ్యండి, వెంటనే ఆసుపత్రికి రండి, అని. ఇవాళ్టిదాకా ఎవరూ తెరవలేదు. మా దగ్గరున్నది ఈ నలభై ఏడు నంబరొక్కటే. తొమ్మిదిసార్లు చేశాం."

"ఫోన్ బస్సు కడిగే తొట్లో పడిందండి" అన్నాడు తమ్ముడు. "బుధవారం పడింది. శనివారం మధ్యాహ్నానికి బాగుచేసిచ్చాడు. తెరవగానే అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. పరిగెత్తుకొచ్చాను. అప్పటికే మీరు లోపలికి తీసుకెళ్ళారు."

కాజాలక్క వాడి ముఖంలోకి చూసింది. తొట్లో పడింది. కట్టెయ్యలేదు. ఆ రెండు ముక్కలూ ఆవిడకి రెండు రోజుల సెలైన్ కన్నా బాగా పనిచేశాయి.

"సరే, ఆయన ఫోన్ మునిగింది" అని నర్సు ఇటు తిరిగింది. "మీ కాళ్ళు మునగలేదు కదమ్మా? పది నిమిషాల దూరం. ఒకసారి వచ్చి అడగొచ్చుగా?"

"వచ్చాను."

"ఎప్పుడు?"

"శుక్రవారం. గేటు దాకా."

"గేటు దాకా వచ్చి?"

కాజాలక్క చీర చెంగు అంచును గోటితో సాపు చేసింది. నర్సు తమ్ముడి వైపు చూసింది. అతను నేలకేసి చూస్తున్నాడు.

"ఇంకో తమాషా ఉంది" అంది నర్సు, గొంతు కాస్త తగ్గించి. "ప్రతి గురువారం మీ నంబరుకి మూడేసి, నాలుగేసి ఓటీపీలు వెళ్ళాయి. రెండేళ్ళుగా. మా సిస్టమ్‌లోనే తేడా ఉందేమోనని కంప్యూటరు అతనికి చెప్పి చూపించాను. ఏం లేదు, బాగానే ఉందన్నాడు."

"తేడా ఏం లేదండి" అన్నాడు తమ్ముడు. "రెండు నిమిషాలకే టైమైపోయిందనేది అక్క. మెసేజ్‌లో అయిదు నిమిషాలు చెల్లుతుందని రాసుండేది."

"మరి ఆ సంగతి ఆవిడకి చెప్పలేదేం?"

"ఏమని చెప్తాను?"

కాజాలక్కకి చెవులదాకా వేడెక్కింది. వాడికి తెలుసు. తెలిసీ మూడోసారి కూడా, నాలుగోసారి కూడా, తప్పుల్లేకుండా ఒక్కో అంకె చెప్పాడు.

"నంబరు మార్చేస్తున్నా" అంది నర్సు, ఇద్దర్నీ కాకుండా తెరనే చూస్తూ. "ఇప్పుడైనా మీ నంబరు చెప్పండమ్మా."

ఆవిడకి మేడమ్ పేర్న ఉందన్న పాత అబద్ధం కూడా రాలేదు. అప్పుడు తమ్ముడే చెప్పాడు. పది అంకెలు, గుక్క తిప్పుకోకుండా, ఫోన్ తీసి చూసుకోకుండా.

నర్సు నొక్కింది. ఆవిడ సంచిలో ఫోన్ మోగింది. తీసి చూస్తే ఆరంకెలు, మొట్టమొదటిసారి ఆవిడ ఫోన్‌లోనే. చదివింది. నర్సు కొట్టుకుంది. "అయిపోయింది. ఇక మీ తలుపు, మీ తాళం. ఎవర్నీ అడగక్కర్లేదు" అని నవ్వింది.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఆటో పిలుస్తానని తమ్ముడు ముందుకు వెళ్ళి, ఏదీ ఆగకపోతే తిరిగొచ్చి గేటు పక్క సిమెంటు బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు. మాత్రల కవరు ఆ చోట్లో పెట్టాడు. "గులాబీది తీసేశారు. తెల్లవి రెండే. పొద్దునొకటి, సాయంత్రమొకటి."

"ఊఁ."

"ఉప్పు..."

"తెలుసు."

ఎదురుగా రోడ్డు మీద ఒక బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. తమ్ముడు ఆ డ్రైవరుకి చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది. అమ్మ కూడా ఇలాంటి బెంచీ మీదే కూర్చుని ఉంటుంది, వీడు పక్కన మాత్రల కవరు పట్టుకుని ఇలాగే లెక్క చెప్పి ఉంటాడు, అనుకుంది కాజాలక్క. ఇప్పుడనాలి. ఫోన్ లేదు, ఓటీపీ లేదు, టైమైపోయేది ఏమీ లేదు. పదకొండేళ్ళ మాట, చీలిక పెట్టి కుట్టకుండా వదిలేసిన కన్నంలా రోజురోజుకీ పోగులూడుతున్న మాట, నాలుక చివరిదాకా వచ్చింది.

"ఒరేయ్" అంది.

"ఊఁ?"

"గురువారం నాలుగింటికి నువ్వు ఖాళీయే కదా?"

"ఖాళీయే."

"నంబరు మారిందనుకో. మారినా, ఆ టైముకి నువ్వు ఓసారి ఫోన్ చేస్తావా?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. దూరంగా వస్తున్న ఆటోకి చెయ్యెత్తి, అది ఆగేదాకా చూసి, సంచీ మాత్రల కవరూ తీసుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"చేసి? అంకెలు లేకపోతే మనం మాట్లాడుకోడానికి ఏముందక్కా?"